పథ్యమును పరీక్షయు: ఆటిజము చికిత్సా చరిత్రలో ఒక ఘట్టము

బిడ్డకు జబ్బు చేసినచో తెలుగింట మొదట వినవచ్చు ప్రశ్న "ఏమి తిన్నాడు?" అనునదియే. మందు పిదపటి మాట. పథ్యము ముందటి మాట. కోయంబత్తూరు సీమలో కాపురమున్నను, గంజాము జిల్లాలో తరతరములుగా నిలిచినను, షోలాపురమున మగ్గము పెట్టినను, యానాములో గోదావరి గాలి పీల్చినను ఈ యలవాటు మనవారిని విడువలేదు. కావున మాటలు రాక, పిలిచిన పలుకక, తన లోకములో తానుండు బిడ్డను గూర్చి "పాలు పెరుగులు మాన్పింపుడు, గోధుమ ముట్టనీయకుడు, పిల్లవాడు బాగుపడును" అని యెవరైన చెప్పినపుడు ఆ మాట మనకు వింతగా తోచదు. తోచకుండుటయే ఇందలి చిక్కు. ఈ సలహా యెచట పుట్టినది, ఏ త్రోవను మన ముంగిటికి వచ్చినది, దారిలో దానిని తూచి చూచినవా రెవరు అను చరిత్రము తెలిసికొనదగియున్నది.

'ఆటిజము' అను పదమును 1911 ప్రాంతమున యూజెన్ బ్లూలర్ అను స్విట్జర్లాండు వైద్యుడు వేఱొక మనోరోగ లక్షణమునకు పెట్టెను. గ్రీకు భాషలో 'ఆటోస్' అనగా 'తాను'. బాల్యముననే కనబడు ఈ స్థితికి ఆ పేరు స్థిరపడుట 1943లో జరిగినది. అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు ఆ యేట 11 మంది పిల్లల వృత్తాంతమును ప్రకటించెను. మఱుసటి సంవత్సరమే వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ ఇట్టి పిల్లలను గూర్చి వ్రాసెను. కానర్ వ్యాసములో మనకు పనికివచ్చు విషయ మొకటి కలదు. ఆ పిల్లలలో పలువురు పసితనము నుండియే తిండి యొద్ద మిక్కిలి పేచీ పెట్టినవారని అతడు గుర్తించెను. బయటి లోకము బిడ్డలోనికి మొట్టమొదట చొరబడునది ఆహారరూపముననే గదా యని అతని యూహ. ఆహారము వలన ఈ స్థితి కలిగినదని అతడనలేదు; ఈ స్థితి ఆహారమును గూడ తాకినదని యనెను. తరువాతి వారిలో పెక్కురు ఈ భేదమును మఱచిరి.

అయినను పథ్యము వలన బిడ్డ బుద్ధి బాగుపడునన్న యాశ వట్టి భ్రమ నుండి పుట్టినది కాదు. దానికి గౌరవప్రదమైన జన్మస్థానము కలదు. అది నార్వే దేశము. బోర్గ్నీ ఎగెలాండ్ అను నామెకు ఇద్దరు బిడ్డలు. ఇద్దరికిని బుద్ధి వికసింపలేదు. ఇద్దరి మూత్రమునకును ముక్కిపోయిన వాసన యొకటి యుండెను. వైద్యు లొకరి వెంట నొకరు ఏమియు తోచదని పంపివేసినను ఆ తల్లి పట్టు విడువలేదు. 1934లో ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు ఆ మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు కలిపి చూచెను. అతడు వైద్యమునకు ముందు రసాయనశాస్త్రము చదివినవాడు. ద్రవము ఆకుపచ్చనయ్యెను. ఎన్నడును చూడని యా రంగు వెంటబడి పోయి, అందున్నది ఫినైల్ పైరువిక్ ఆమ్లమని అతడు తేల్చెను. మాంసకృత్తులలో నుండు ఫినైల్ అలనీన్ అను నంశమును ఈ బిడ్డల శరీరము మార్చుకొనజాలదు. అది రక్తమున పేరుకొని మెదడును చెఱచును. తల్లినుండియు తండ్రినుండియు లోపము సంక్రమించిననే గాని ఈ రోగము రాదు. దీనికి ఫినైల్ కీటోన్యూరియా యని పేరు. 'గుడ్ ఎర్త్' నవల వ్రాసి నోబెల్ బహుమానము పొందిన పెర్ల్ బక్ కుమార్తెకును ఇదియే రోగము.

రోగము తెలిసిన 19 ఏండ్లకు గాని పథ్యము రాలేదు. 1953లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాము పిల్లల ఆస్పత్రిలో హోర్స్ట్ బికెల్, జాన్ జెరార్డ్, ఎవలిన్ హిక్‌మన్స్ అను మువ్వురు, ఫినైల్ అలనీన్‌ను బహుస్వల్పముగా నుంచిన యాహారమును రెండేండ్ల పసిపిల్ల కొకతెకు పెట్టిన వృత్తాంతమును ప్రకటించిరి. నిలువలేక, నడువలేక, మాటాడలేక, ఏడ్చుచు తల కొట్టుకొనుచుండిన యా పిల్ల కొన్ని మాసములలో ప్రాకనేర్చెను, లేచి నిలువనేర్చెను, ఏడ్పు మానెను. ఇతరులైనచో అచ్చటితో నాగి జయఘోష చేసియుందురు. వారాగలేదు. పిల్ల వయస్సు వచ్చి యెదిగినదో, పథ్యము వలన నెదిగినదో తేలవలెను గదా! తల్లికిని తెలుపక ఆహారములో ఫినైల్ అలనీన్ మరల కలిపిరి. కొలది దినములలోనే పిల్ల నేర్చినదంతయు కోల్పోయెను. తల్లికి తెలుపకుండుట నేటి వైద్యనీతికి ఒప్పదు; పిమ్మట ఆమె సమ్మతితోనే ఆస్పత్రిలో ఆ పరీక్షను తిరిగి చేసిరి. ఫలిత మదియే.

చాటుగా కలిపి చూచిన యీ పరీక్షను చదువరులు జ్ఞాపక ముంచుకొందురు గాక. ఈ చరిత్రమున దానితో మనకు మరల పని కలదు.

చికిత్స లేని కాలమున ఫినైల్ కీటోన్యూరియా పిల్లలలో కొందఱియందు ఆటిజము పోలికలు కనబడుచుండెను. ఇక ఊహ సాగుటకు అడ్డేమి? ఒక రోగమున ఒక పథ్యము ఫలించినపుడు, దానిని పోలిన స్థితిలో వేఱొక పథ్యము ఏల ఫలింపరాదు? ప్రశ్న సరియైనదే.

ఆ ప్రశ్న వైద్యుల చేతినుండి తల్లిదండ్రుల చేతికి మాఱుటకు వేఱొక కారణము కలదు. అది నిందారోపణము. తల్లి హృదయము చల్లబడినందున బిడ్డ ముడుచుకొనిపోయినదని ఆ దినములలో మనోవైద్యులు పెక్కురు నమ్మిరి. చికాగోలో పిల్లల విద్యాలయము నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఈ మతమును పెద్ద గ్రంథముగా వ్రాసి వ్యాప్తి చేసెను. దానికి మూడేండ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ నిందను ఖండించి, ఆటిజము మెదడు నిర్మాణమునకు సంబంధించినదే గాని తల్లి పెంపకము వలన వచ్చినది కాదని గ్రంథము వ్రాసియుండెను. అతడు అమెరికా నౌకాదళమున ఉద్యోగి; ఆటిజము గల కుమారునికి తండ్రి. పెంపకపు నిందను తొలగించిన కీర్తిలో గొప్ప పాలు అతనిది. ఆ మీదట అతడు బి6 విటమినును మెగ్నీషియమును పెద్ద మోతాదులలో నిచ్చుటను సమర్థింప మొదలిడెను. తరువాతి పరీక్షలు చిన్నవి, ఫలితములు పొందికలేనివి. వానినన్నిటిని సమీక్షించినవారు ఆ మందును సిఫారసు చేయుటకు ఆధారము చాలదనిరి. అయినను తల్లులు అతనిని నమ్మిరి. తన్ను రాతిగుండె యని దూఱిన వైద్యుని కంటె, "నీ తప్పేమియు లేదు, చేయదగిన పని యొకటి కలదు" అనిన మనుష్యుని నమ్ముట సహజమే. ఆహారచికిత్సల ప్రాబల్యమునకు మూలము ఇచటనే యున్నదని నా యభిప్రాయము.

గోధుమ పాలు ఈ కథలోనికి వచ్చిన తోవ వేఱు. విల్లెమ్ డికె అను డచ్చి వైద్యుడు సీలియాక్ రోగమున గోధుమయే అపకారియని 1950 నాటికి స్థాపించెను. 1966లో ఫిలడెల్ఫియాకు చెందిన కర్టిస్ డోహన్, రెండవ ప్రపంచ యుద్ధకాలమున గోధుమ వాడుక తగ్గిన దేశములలో స్కిజోఫ్రీనియా రోగుల చేరికలును తగ్గినవని లెక్కలు చూపెను. 1979లో యాక్ పాంక్‌సెప్ అను పండితుడు ఆటిజము గల పిల్లల ప్రవర్తనము నల్లమందు ప్రభావమును పోలియున్నదని ప్రతిపాదించెను. గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ సరిగా జీర్ణముగాక, నల్లమందు వంటి తునుకలై రక్తమునుండి మెదడున కెక్కుచున్నవను సిద్ధాంత మిట్లు రూపుదాల్చెను. నార్వేలో కార్ల్ రైకెల్ట్ దీనిని బలపఱచెను. పసిబిడ్డలకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చిన కాలము మన దేశమునను ఉండెడిది గనుక ఈ యుపమానము మనకు ఇట్టే పట్టుబడును. కాని పట్టుబడినంత మాత్రమున నిజము కాదు. 2008లో లండను పరిశోధకులు నిశితమైన పరికరములతో ఆటిజము గల బాలుర మూత్రమును వెదకినపుడు ఆ తునుక లేవియు కానరాలేదు.

1998వ సంవత్సర మొక విచిత్ర సంవత్సరము. ఆ యేటనే లండనులో 12 మంది పిల్లలపై ఆధారపడి ప్రేగుల వ్యాధిని, టీకాను, ఆటిజమును ముడిపెట్టిన వ్యాసము 'లాన్సెట్' పత్రికలో వెలువడెను. 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించుకొనెను. ఆ యేటనే అమెరికాలో, జీర్ణకోశ పరీక్షకై సెక్రెటిన్ అను హార్మోను నెక్కించిన ముగ్గురు పిల్లలకు చూపును మాటయు మెఱుగుపడినవను వార్త టెలివిజనులో ప్రసారమై తల్లిదండ్రులను కదలించినది. 1999 డిసెంబరులో ఏడ్రియన్ శాండ్లర్ బృందము 60 మంది పిల్లలను తీసికొని, కొందఱికి సెక్రెటిన్, కొందఱికి వట్టి ఉప్పునీరు ఇచ్చి, ఎవరి కేది యిచ్చినదియు ఎవరికిని తెలియనీయక పరీక్షించెను. రెండు తెగలవారును సమానముగనే మెఱుగుపడిరి! ఉప్పునీటికి మహిమ యెక్కడిది? పిల్లలు మాసముమాసము ఎదుగుచునే యుందురు. ఆశతో చూచు కన్నులు ఆ యెదుగుదలను మందు ఖాతాలో వ్రాసికొనును. ఫలితము తెలిపిన పిదపను నూటికి 69 మంది తల్లిదండ్రులు తమ కా మందు కావలెననియే చెప్పిరట. ఇది మూర్ఖత కాదు, దుఃఖము. తరువాత 900 మందికి మించిన పిల్లలపై జరిగిన 16 పరీక్షలలోను సెక్రెటిన్ వలన మేలు కనబడలేదు.

దుఃఖమునకు వెల కట్టు వర్తకులు ఎల్లప్పుడును ఉందురు. శరీరమునుండి పాదరసము మున్నగు లోహములను తీసివేయుదుమని చెప్పి నరములలోనికి మందెక్కించు పద్ధతి యొకటి బయలుదేరెను. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఐదేండ్ల బాలుడొకడు ఆ చికిత్సలో రక్తమందలి కాల్షియము పడిపోయి, గుండె ఆగి, మరణించెను.

ఇక పథ్యమునకే వత్తము. 2002లో నార్వేలో 20 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో గోధుమ పాలు మానుట వలన మేలు కనబడినదనిరి. కాని ఎవరు పథ్యమున నున్నదియు తల్లిదండ్రులకు తెలిసియే యుండెను. 2006లో ఫ్లోరిడాలో ఆ సంగతి మఱుగుపఱచి 15 మందిపై చూచినపుడు కొలతలలో భేదము తేలలేదు. అన్నిటికంటె జాగ్రత్తగా జరిగినది సూసన్ హైమన్ రోచెస్టరులో జరిపి 2016లో ప్రకటించిన పరీక్ష. 14 మంది పిల్లలను మొదట కొన్ని వారములు గట్టి పథ్యమున నుంచిరి. పిమ్మట వారము వారము ఒక తినుబండారములో ఒకపుడు గోధుమ, ఒకపుడు పాలు, ఒకపుడు రెండును, ఒకపుడు ఏదియు లేకుండ, ఎవరికిని తెలియకుండ పెట్టిరి. నిద్ర, విరేచనము, నడవడి, చూపు — దేనియందును మార్పు కానరాలేదు. బర్మింగ్‌హామున 1953లో చేసిన పరీక్షయే యిది. తల్లిదండ్రుల యనుమతితో, ఇంకను శ్రద్ధగా చేసినది. అచట పిల్ల కొలది దినములలో కూలబడెను. ఇచట ఏమియు కాలేదు. పిల్లలు 14 మందియే యని యాక్షేపింపవచ్చును. బర్మింగ్‌హామున ఒక్కతెయే గదా. నిజమైన పథ్యము ఒక్క బిడ్డయందైనను తన్ను తాను చూపుకొనగలదు.

ఈ పథ్యము గోధుమరొట్టె తిను దేశములలో అల్లబడినది. మన యిండ్లలో దాని రూపమే మాఱును. వరియన్నమున గ్లూటెన్ లేదు; బెంగుళూరు రాగిసంకటిలో లేదు; షోలాపురపు జొన్నరొట్టెలో లేదు. కావున మనబిడ్డకు పథ్యమనగా పెరుగు పోవుటయే. ఈ పిల్లలలో అనేకులు రెండు మూడు పదార్థములు తప్ప నోట పెట్టరు. తెలుగు పిల్లవానికి ఆ రెండింటిలో ఒకటి తఱచుగా పెరుగన్నమే. దానిని లాగివేసినచో మిగులున దేమి? 2008లో అమెరికాలో చేతి యెముకలను కిరణములతో తీసి చూడగా ఆటిజము గల బాలుర యెముకల మందము తక్కువగ నుండెను; పాలు మాన్పించిన కొలదిమందిలో ఆ లోపము రెట్టింపుగ నుండెను. తిండి ఇఱుకైన పిల్లలకు సి విటమిను లోపించి స్కర్వీ వచ్చిన వృత్తాంతములు వైద్యపత్రికలలో కలవు. ప్రేగులలోని సూక్ష్మజీవులే ఆటిజమునకు కారణమను వాదమును 2021లో ఆస్ట్రేలియా వారు 247 మందియందు పరిశీలించి, తిండి ఇఱుకగుట వలననే ఆ జీవుల వైవిధ్యము తగ్గుచున్నదని తేల్చిరి. కానర్ 1943లో చేసిన భేద మిట్లు మరల బయటపడినది.

పెరుగుతోపాటు మఱియొకటి విడువుమని ప్రవాసాంధ్రులకు చెప్పుట కలదు: ఇంట తెలుగు మానుమని. బడిలో కన్నడమో తమిళమో, ఇంట తెలుగో అయినచో బిడ్డ తికమకపడునట. రెండు భాషల నడుమ పెరిగిన ఆటిజము పిల్లలకు అందువలన అదనపు వెనుకబాటు కలుగుట లేదని పరిశోధనలు పలుమాఱులు చూపినవి. జోలపాట పాడు భాషను తల్లినుండి లాగికొనుటకు ఆధార మేమియు లేదు.

అట్లని తిండిని గూర్చి విచారింపనక్కరలేదని కాదు. చెప్పలేని బిడ్డ తల కొట్టుకొనుట మలబద్ధకము వలన కావచ్చును, పంటినొప్పి వలన కావచ్చును. వానిని వెదకి చికిత్స చేయవలెను. ఇనుము, డి విటమిను కొఱతలను రక్తపరీక్షతో తెలిసికొని పూరింపవలెను. ఫోలినిక్ ఆమ్లమును గూర్చి 2025లో అమెరికాలో పెద్ద సందడి జరిగినది. దానిపై జరిగిన పరీక్షలు చిన్నవి. మూలకణములు ఎక్కించెదమనువారికి మాత్రము మన జాతీయ వైద్య కమిషను 2022లోనే ఆటిజమునకు ఆ చికిత్సను సిఫారసు చేయమని స్పష్టముగా చెప్పినది. దారి తెలియని తల్లిదండ్రులకు సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థయు, చెన్నపట్టణము చేరువ ముట్టుకాడులో 2005లో వెలసిన సంస్థయు కలవు.

ఫోలింగ్ కనిపెట్టినవంటి పుట్టురోగములు మాత్రము మనకు దూరపువి కావు. మేనరికములు గల కుటుంబములలో తల్లినుండియు తండ్రినుండియు ఒకే లోపము కలసివచ్చు నవకాశము హెచ్చు. రాబర్ట్ గత్రీ 1960ల ఆరంభమున అమెరికాలో కనిపెట్టిన పరీక్షలో మడమనుండి తీసి కాగితముపై ఆరనిచ్చిన రక్తపుబొట్టు చాలును; అట్టి శిశుపరీక్షలు 1980లో బెంగుళూరున మొదలైనవి. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన లెక్కలో వేయింటి కొక్కరికి ఇట్టి పుట్టులోపము కనబడెను. వానిలో కొన్నింటికి పథ్యమే మందు. అది మొదటి వారములలో మొదలుపెట్టవలెను. ఎగెలాండ్ కుమారుడు పథ్యము పుట్టకముందే ఆఱేండ్ల ప్రాయమున పోయెను. మన దేశమున ఆ రక్తపుబొట్టు పరీక్ష ప్రతి శిశువునకును ఇంకను జరుగుట లేదు.