బాలెంత గదికి ఎండ రానివ్వలేదు

మా అమ్మమ్మ మంత్రసాని. అల్లపల్లి చుట్టూ నాలుగైదు ఊళ్లలో ఒక తరం పిల్లలు ఆమె చేతుల్లోనే పడ్డారు. నేను ఏఎన్‌ఎం కొలువు చేసి రిటైరయినదాన్ని. పసిపిల్లల గురించి ఆమెకు తెలిసినదీ, నాకు శిక్షణలో చెప్పినదీ ఒక్కచోట మాత్రం ఎప్పుడూ కలిసేవి. అది ఎండ.

పొద్దు రెండు బారలెక్కాక అమ్మమ్మ వాకిట్లో పీటేసుకుని కాళ్లు చాపేది. బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, అరచేతిలో వెచ్చబడ్డ నువ్వుల నూనెతో వెన్ను, తొడలు, పిక్కలు రుద్దేది. నూనె ఒంటితోనే కాసేపు ఎండకు ఉంచి, ఆ తర్వాతే నీళ్లు పోసేది. "బొక్కలు గట్టివడ్తయి బిడ్డా" అనేది. ఎట్లా అని అడిగితే, "మా అవ్వ చెప్పింది" అనేది. ఆమె శాస్త్రం అక్కడితో సరి.

అదే ఇంట్లో బాలెంతది వేరే లోకం. కిటికీకి గోనెపట్టా, తలకు గుడ్డ, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. ఇరవయ్యొకటో దినం దాకా గడప దాటనిచ్చేది కాదు. గాలి సోకుతుందని ఒక భయం, దిష్టి తగులుతుందని ఇంకో భయం. కొంచెం కలిగిన ఇళ్లలోనైతే కడుపుతో ఉన్నప్పటి నుంచే కోడలికి వాకిలి బంద్. అడవికి పోయే ఇళ్లలో ఇది కుదరదు. నిండు నెలల మనిషి కూడా ఎండాకాలం తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో ఆరబెట్టాల్సిందే.

ఈ తేడా ఎంత పెద్దదో నూరేళ్ల కిందటే ఒకచోట తేలింది. మా సిరోంచ దగ్గర ప్రాణహితను కలుపుకునే గోదావరి పుట్టిన సీమలోనే. నాసిక్‌లో పిల్లల రికెట్స్ జబ్బును పరిశీలించిన హచిసన్, షా అనే వైద్యులు 1922లో తమ ఫలితాలు అచ్చు వేశారు. పాలూ నెయ్యీ తిన్నా పరదా చాటున బతికే ఇళ్లలో కాళ్లు వంగిన పిల్లలు కనబడ్డారు. తిండి అంతంతమాత్రమైనా పొలాల్లో తిరిగే పేదల పిల్లల్లో ఆ జబ్బు అరుదు.

ఆ ఏళ్ల నాటికే మిగతా ముడులూ విడిపోయాయి. జపాన్‌లో పనిచేసి వచ్చిన థియోబాల్డ్ పామ్ అనే బ్రిటిష్ వైద్యుడు, పొగ కమ్మిన తమ పట్నాల్లో పిల్లలకు రికెట్స్ రావడానికి ఎండ కరువే కారణమని 1890లోనే అన్నాడు. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ పిల్లల మీద దీపపు అతినీలలోహిత కాంతి వేసి ఎముకలు బాగుపడ్డట్టు చూపాడు. ఒక చేతికే కాంతి వేసినా రెండో చేయీ బాగైంది. అంటే చర్మంలో తయారైనదేదో నెత్తుటిలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. 1922లో అమెరికాలో మెక్‌కాలమ్, కాడ్ చేప నూనెలో రికెట్స్‌ను మాన్పే పదార్థాన్ని వేరుగా గుర్తించాడు. దానికే విటమిన్ డి అని పేరు వచ్చింది. మనం తిన్న కాల్షియాన్ని పేగుల నుంచి ఒంటికి పట్టించేది ఇదే.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. కొలువులో ఉన్నన్నాళ్లూ తల్లులకు "పొద్దున ఏడింటి లేత ఎండ చాలమ్మా" అని చెప్పాను. కానీ తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ బృందం, చర్మంలో ఉండే విటమిన్ డి మూల పదార్థాన్ని గాజు ఆంప్యూళ్లలో నింపి గంట గంటకూ ఎండలో పెట్టి చూసింది. 2013లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం విటమిన్ డి బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా. నీడ మనకంటే పొట్టిగా ఉండే వేళ అని గుర్తుపెట్టుకుంటే చాలు. అదే బృందం 2007లో ఇంకో సంగతీ చెప్పింది: పల్లె జనానికి పట్నం వాళ్లకంటే విటమిన్ డి మెరుగ్గా ఉన్నా, తిండిలో కాల్షియం ఇద్దరికీ తక్కువే. ఎండ ఒక్కటే ఎముక కాదు. రాగులూ పాలూ పళ్లెంలోకి రావాలి.

ఇప్పుడు అల్లపల్లి మందుల దుకాణంలోనూ విటమిన్ డి అన్ని రోగాలకూ మందన్నట్టు అడుగుతున్నారు. అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ అనే పరీక్షలో రోజుకు 2,000 యూనిట్లు వాడినా క్యాన్సర్లు గానీ గుండెపోట్లు గానీ తగ్గలేదని 2018లో తేలింది. లోటున్నవాళ్లకు అది మందు, లోటు లేనివాళ్లకు వట్టి ఖర్చు.

లోటు ఎక్కువ తగిలేది ఎవరికి? పుట్టిన బిడ్డకుండే నిల్వ తల్లి ఇచ్చినదే. తల్లికి లేకపోతే బిడ్డకూ ఉండదు. తల్లిపాలు అన్నిటికీ మేలైనవే గానీ, వాటిలో విటమిన్ డి మాత్రం స్వల్పం. అందుకే పుట్టిన నాటి నుంచి ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు పిల్లల వైద్యులు. పసికందును నడిఎండలో పెట్టమని నేను చెప్పడం లేదు, ఆ చర్మం తట్టుకోదు. అమ్మమ్మ ఎండను నమ్మింది నిజమే, కానీ దాన్ని బిడ్డకు అందించాల్సిన తల్లిని గదిలో పెట్టింది.

కాబట్టి అత్తలకూ అమ్మలకూ నా మాట ఒక్కటే. బిడ్డకు చుక్కలు వేయించండి. కడుపుతో ఉన్న కోడలినీ బాలెంతనూ నీడ పొట్టిగా పడే వేళ కాసేపు వాకిట్లోకి రానివ్వండి. కిటికీ దగ్గర కూర్చోబెడితే సరిపోదు. అద్దం వెలుగును లోపలికి వదులుతుంది గానీ, విటమిన్ డి చేసే కిరణాన్ని బయటే ఆపేస్తుంది.