తల్లికి శిక్ష – బిడ్డ పాలెంత?

రాజీవ్ గాంధీ హత్యకేసు గురించి మన తమిళనాట తెలియనివారు లేరు. అందులో ఒక పసిబిడ్డ ప్రసక్తి ఉంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

1991 మే 21న శ్రీపెరుంబుదూరులో హత్య జరిగింది. నిందితురాలు నళిని 1992లో నిర్బంధంలోనే ఆడపిల్లను ప్రసవించింది. 1998 జనవరిలో పూనమల్లి ప్రత్యేక న్యాయస్థానం 26 మందికీ ఉరి విధించింది. 1999 మేలో సుప్రీంకోర్టు నలుగురికి ఉరి ఖాయం చేసింది. వారిలో నళిని, ఆమె భర్త మురుగన్ ఇద్దరూ ఉన్నారు. ముగ్గురు న్యాయమూర్తులలో జస్టిస్ కె.టి. థామస్ ఒక్కరే నళిని ఉరితో విభేదించారు. కుట్రలో ఆమెది ముఖ్యపాత్ర కాదనీ, తండ్రితోపాటు తల్లినీ ఉరితీస్తే బిడ్డ అనాథ అవుతుందనీ ఆయన వాదం. అది నెగ్గలేదు. సోనియా గాంధీ కూడా కోరిన మీదట, 2000 ఏప్రిల్‌లో గవర్నరు ఆ ఉరిని యావజ్జీవంగా మార్చారు. న్యాయస్థానంలో ఓడిన బిడ్డ మాట దయాభిక్షలో గెలిచింది. కాని దయ, అడిగే పెద్దలుంటేనే దొరుకుతుంది. హక్కు అలా కాదు.

దక్షిణాఫ్రికాలో దాన్ని హక్కుగానే చూశారు. మోసం నేరంపై నాలుగేళ్ల శిక్ష పడిన ఒక తల్లికి ముగ్గురు కొడుకులు, ఒంటరిగా పెంచుతోంది. బిడ్డ మేలే ప్రధానమని ఆ దేశ రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. 2007 సెప్టెంబరులో జస్టిస్ ఆల్బీ శాక్స్ తీర్పు రాస్తూ, పిల్లల్ని సాకేవారెవరో, వారి గతి ఏమవుతుందో శిక్షకు ముందే విచారించాలన్నారు. ఆమెను వదిలేయలేదు, సొమ్ము తిరిగి కట్టాలనీ, పర్యవేక్షణలో సమాజసేవ చేయాలనీ విధించి ఇంటికి పంపారు.

మన సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఆర్.డి. ఉపాధ్యాయ్ – ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో, తల్లితో జైల్లో ఉన్న బిడ్డ ఖైదీ కాదనీ, ఆరేళ్లు వచ్చేదాకా తల్లివద్ద ఉండవచ్చనీ, జననపత్రంలో జైలు పేరు రాయరాదనీ చెప్పింది. మంచి తీర్పే. అయితే అది జైలు గుమ్మం దాటాక దొరికే రక్షణ. శిక్ష నిర్ణయించే ముందు ముద్దాయి మాట వినాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అన్నది. 2024లో వచ్చిన కొత్త సంహితా అదే అంటోంది. పిల్లల సంగతి విచారించి తీరాలన్న మాట మాత్రం ఆ సెక్షన్లో లేదు.

మా బ్యాంకులో అప్పు దరఖాస్తులో, మీపై ఆధారపడినవారు ఎందరని ఒక గడి ఉంటుంది. పదివేల అప్పుకు అడిగే ఆ ప్రశ్న, పదేళ్ల శిక్షకు ముందు అడగనక్కరలేదా?