పాట ముందా, అడుగు ముందా?



పశ్చిమాసియా నుంచి వచ్చిన బెల్లీ డాన్సును, మన నాట్యాన్ని, పాశ్చాత్య బాణీలను కలిపి కొత్త నృత్యాలు కూర్చే యువతీయువకులు ఇవాళ మన నగరాల్లో కనిపిస్తున్నారు. వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఏ పాట ఎంచుకోవాలి? ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1996లో చెన్నైగా పేరు మారిన మద్రాసు నగరం తరతరాలుగా దీనికి జవాబు వెతుకుతూనే ఉంది. ఆ జవాబులో మన తెలుగుకు పెద్ద వాటా ఉంది.

పందొమ్మిదవ శతాబ్దం తొలినాళ్లలో తంజావూరులో చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు సోదరులు నాట్య కచేరీకి ఒక వరుస ఏర్పరచారు. అలరింపుతో మొదలై జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, జావళి, తిల్లానాలతో అది సాగుతుంది. ముందు తాళం, తర్వాత భావం, చివర మళ్లీ తాళం. ఈ వరుసలో అభినయానికి ప్రాణమైన పదం చాలావరకు తెలుగే. మువ్వగోపాల ముద్రతో క్షేత్రయ్య రాసినవీ, మన చిత్తూరు సీమలోని కార్వేటినగరంలో వేణుగోపాలుని పేర సారంగపాణి రాసినవీ తమిళ దేశపు నట్టువనార్ల నోట నిలిచాయి.

పదం నిదానంగా నడుస్తుంది. ఒకే మాటకు పది భావాలు చూపడానికి నర్తకికి చోటు ఇస్తుంది. జావళి అలా కాదు. చురుకైన నడక, తేలిక మాటలు, కాపీ, బేహాగ్ వంటి రాగాలు. ఉత్తరాది గాలి సోకిన పాట అది. కలగలుపు ఇక్కడివారికి కొత్త కాదని చెప్పడానికి ఇంకో సాక్ష్యం వయొలిన్. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవారి వాద్యాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు.

ఈ పదాలను, జావళీలను భద్రంగా కాపాడిన ఇళ్లలో జార్జిటౌనులోని వీణ ధనమ్మాళ్ ఇల్లు ముఖ్యమైనది. ఆమె 1867లో పుట్టి 1938లో కన్నుమూశారు. ఆమె మనుమరాలు బాలసరస్వతి. తల్లి జయమ్మాళ్ పాడుతూ ఉంటే బాలసరస్వతి అభినయించేవారు. పాడేవారికీ ఆడేవారికీ ఒకే ఊపిరి అన్నమాట.

ఇంతలో కాలం మారింది. 1930లలో ఈ నాట్యం ఉండాలా వద్దా అని మద్రాసు పత్రికల్లో పెద్ద వాదమే నడిచింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఒక పక్క, ఇ. కృష్ణయ్యర్ మరో పక్క నిలిచారు. 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించిన రుక్మిణీదేవి శృంగారం ముదిరిన పాటలను పక్కన పెట్టి భక్తికి పెద్దపీట వేశారు. శృంగారాన్ని తీసేస్తే పదానికి ప్రాణమే ఉండదని బాలసరస్వతి వాదించారు. 1947లో వచ్చిన మద్రాసు చట్టం ఆడపిల్లలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించింది. ఆ సంస్కరణ అవసరమే. అయితే ఆ ఇళ్ల స్త్రీలలో చాలామందికి పాట మిగిలింది కాని వేదిక మిగలలేదు. కొత్తవారు వేదిక ఎక్కారు. వారిలో ఎందరికో ఆ పాటల భాష తెలియదు. 1973లో మ్యూజిక్ అకాడమీ బాలసరస్వతిని సంగీత కళానిధిగా గౌరవించింది. ఒక నర్తకికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఇటువంటి కథే ఈజిప్టులోనూ జరిగింది. 1920లలో కైరోలో బదియా మసాబ్ని నడిపిన వినోదశాలలో, పెళ్లిళ్లలో ఆడే ఆట వేదిక మీది నృత్యమైంది. దాని వెంట పాశ్చాత్య వాద్యాలు చేరాయి. అక్కడ కూడా తాళం లేకుండా సాగే తక్సీం ఉంది, మన ఆలాపన వంటిది. డోలు ఒక్కటే పలికే ఘట్టమూ ఉంది. కాబట్టి రెంటినీ కలపాలనుకునేవారు పైపై హోరును కాక ఈ పోలికలను పట్టుకోవాలి. ఆలాపన వచ్చినప్పుడు దేహం నిదానించాలి. జతి వచ్చినప్పుడు అడుగు పలకాలి. మాట వచ్చినప్పుడు దాని అర్థం ముఖంలో కనిపించాలి. అర్థం తెలియని పదాన్ని వేగం పెంచి వాడుకుంటే అటు పాటా మిగలదు, ఇటు ఆటా మిగలదు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు రెండు భాషలూ చెవిన పడుతూనే ఉంటాయి. చెన్నైలో నాట్యం నేర్చే పిల్లలు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉంటే వారు నేర్చే పదం ఏదో అడగండి. దాని అర్థం విప్పి చెప్పండి. నాయిక ఎందుకు అలిగిందో తెలిసిన పిల్ల చేయి వేరుగా కదులుతుంది. ఆ తర్వాత ఏ దేశపు నృత్యంతో కలిపినా, తాను కలుపుతున్నది ఏమిటో ఆమెకు తెలిసే ఉంటుంది.