హార్డ్‌వేర్ ప్రవేశ నియంత్రణ లోపం

హార్డ్‌వేర్ ప్రవేశ నియంత్రణ లోపం అనగా చిప్‌లోని రహస్య కీలను, రక్షిత రిజిస్టర్లను అనుమతి లేని ప్రోగ్రాము చదవడానికి లేదా మార్చడానికి వీలు కల్పించే డిజైను పొరపాటు. పరీక్షల కొరకు ఉంచిన జేట్యాగ్ ద్వారాన్ని మూయకుండా వదలడం, నిద్రాస్థితి నుండి చిప్ మేల్కొన్నప్పుడు లాక్ బిట్ చెరిగిపోవడం ఇందుకు ఉదాహరణలు.

సిలికాన్‌లో ఏర్పడిన లోపాన్ని తరువాత సరిదిద్దడం చాలా కష్టం. అంతరిక్ష చిప్‌ల విషయంలో ఇది మరింత ముఖ్యం. నెల్లూరు తీరపు శ్రీహరికోట (2022 నుండి తిరుపతి జిల్లా) నుండి 2024 డిసెంబరు 30న ప్రయోగించిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో దేశీయ విక్రమ్ 3201 ప్రాసెసరును పరీక్షించారు. ఇటువంటి చిప్‌ను కక్ష్యకు చేరాక మార్చలేరు.

కనుక నివారణ డిజైను దశలోనే జరగాలి. స్పష్టమైన అనుమతి లేని ప్రతి అభ్యర్థనను తిరస్కరించడం, బూట్ సమయంలోనే కీలక రిజిస్టర్లకు తాళం వేయడం, పరీక్షా ద్వారాన్ని ఫ్యూజుతో శాశ్వతంగా మూయడం, తయారీకి ముందే ఈ నియమాలను గణిత పద్ధతిలో సరిచూడడం ప్రధాన మార్గాలు.