క్యూ కర్రపై లక్క మెరుగు

బిలియర్డ్సు, స్నూకరు ఆటలను గురించి ముచ్చటించువారు ఆటగాండ్ర నేర్పును, బల్లపై పరచిన పచ్చని బట్టను, రంగురంగుల బంతులను విరివిగా వర్ణింతురు. ఆటగాని చేతిలోని కర్రను మాత్రము ఒక్క మాటతో సరిపుచ్చుదురు. ఆ కర్రకు చరిత్ర కలదు. దానిపైని మెరుగునకును చరిత్ర కలదు. అందులో మన దేశమునకు గల భాగము తక్కువది కాదు.

17వ శతాబ్దమున ఐరోపాలో బిలియర్డ్సు ఆడువారు బంతిని కొనతో పొడిచెడివారు కారు. మొద్దు తల గల 'మేసు' అను కర్రతో నెట్టెడివారు. బంతి బల్ల అంచును ఆనుకొని నిలిచినప్పుడు ఆ మొద్దు తల అడ్డు వచ్చెడిది. అప్పుడు కర్రను త్రిప్పి సన్నని తోకతో కొట్టెడివారు. ఫ్రెంచి భాషలో తోకను 'క్యూ' అందురు. కాలక్రమమున మేసు మరుగున పడి తోకయే నిలిచినది. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రాన్సు దేశీయుడు మింగో కర్ర కొనకు తోలు బిళ్ల నంటించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. దానితో బంతిని కోరిన వైపునకు గిరగిర త్రిప్పుట సాధ్యమయ్యెను. నాటినుండి కర్ర వ్రేళ్ల నడుమ సాఫీగా జారుట ముఖ్యమైనది. రవంత వంకరయైనను, కొంచెము జిగటయైనను గురి తప్పించును.

స్నూకరు పుట్టినది మన దేశముననే. 1875లో జబల్పూరు సైనిక శిబిరమున నెవిల్ చాంబర్లేను అను యువ అధికారి దానిని ఆరంభించెనని ప్రసిద్ధి. తరువాత ఇంగ్లండు ప్రధానమంత్రియైన చాంబర్లేను వేరొకరు. ఉదకమండలములోని క్లబ్బులో ఈ ఆట నియమములు స్థిరపడినవి.

ఇక మెరుగు సంగతి. స్నూకరు కర్ర ముందుభాగమును యాష్ లేక మేపుల్ కలపతోను, పిడిని తరచుగా ఎబొనీ అను నల్లచేవతోను చేయుదురు. పాతకాలపు పనివారు పిడికి పెట్టిన మెరుగును 'ఫ్రెంచి పాలిషు' అందురు. పేరు ఫ్రాన్సుదే గాని, సరుకు మనది. మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు కూర్చు లక్కయే దానికి మూలము. భారతములోని లక్కయింటి కథ ఎరుగని తెలుగు కుటుంబ ముండదు. వినైలు పలకలు వ్యాపించుటకు ముందు గ్రామఫోను పలకలను చేసినదియు ఈ లక్కను రాతిపొడితో కలిపియే.

వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారు గిరగిర తిరుగు అంకుడు కర్రకు రంగు లక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరిగి పలుచని పొరగా పరచుకొనును. ఫ్రెంచి పాలిషులో వేడికి బదులు స్పిరిటు ఆ పని చేయును. స్పిరిటులో కరగిన లక్కను దూది ఉండ చుట్టిన గుడ్డతో, పొరపై పొరగా, ఓపికతో రుద్దుదురు. వేడికిని స్పిరిటుకును కరగుటయే లక్క గుణము; దాని బలహీనతయు అదియే. ఈ విషయము తెలిసినవాడు లక్క మెరుగు గల పిడిని స్పిరిటుతో తుడువడు, ఎండలో మూసియుంచిన కారులో కర్రను విడువడు. తడి నిలిచినను ఆ మెరుగు తెల్లబారును.

1920 తరువాత నైట్రోసెల్యులోసు లాకరులును, పిమ్మట పాలియురెథేను వార్నిషులును వచ్చినవి. అవి గట్టివే. అయినను ముందుభాగముపై మందపు పొర యున్నచో చెమట చేతికి అంటుకొనును. అందువలన పలువురు పనివారు అచ్చట అవిసెనూనెనే వాడుదురు. అది కర్రలోనికి ఇంకి, గాలిలోని ఆమ్లజనిని గ్రహించి గట్టిపడును.

ఆట ముగిసిన వెంటనే పొడిగుడ్డతో కర్రను తుడువవలెను. మురికి పట్టినచో గుడ్డను కొంచెము తడిపి తుడిచి, ఆ క్షణముననే తడి లేకుండ ఆరబెట్టవలెను. నూనె రాసిన ముందుభాగము పొడిబారినట్లు తోచినపుడు కొద్ది చుక్కల అవిసెనూనె రుద్ది, మిగిలినది పూర్తిగా తుడిచి, ఒక దినమైనను ఆరనీయవలెను. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలకు పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి మండగలవు. విప్పి ఆరుబయట ఆరవేయుట క్షేమము. వర్షకాలపు చెమ్మకు కర్ర వంగును గనుక, గోడకు ఏటవాలుగా ఆనించి మరచిపోరాదు.

అన్నింటికన్న పెద్ద ప్రమాదము ఉప్పుకాగితము. కర్ర జారుట లేదని దానితో రుద్దినచో తత్కాలమునకు సుఖముగానే యుండును. కాని కొన వ్యాసము 9 లేక 10 మిల్లీమీటర్లు మాత్రమే. అరిగిన కలప మరల రాదు. కర్ర తూకము మారును, ఆటగాని చేతికి అలవడిన స్పర్శయు మారును. పాత కర్రలను కొత్తవానివలె మెరయించవలెనని పూర్వపు మెరుగును గీకివేయువారు, పనివాడు దినముల తరబడి ఒక్కొక్క పొరగా చేర్చిన శ్రమను గడియలో తుడిచివేయుచున్నారు. పెద్దల కర్ర ఇంట నున్నవారు, దాని మెరుగు కొంత మాసినను, మొదట మెత్తని పొడిగుడ్డతోనే ప్రారంభింపవలెనని మా మనవి. తరచుగా అంతకుమించి చేయవలసిన అవసరమే ఉండదు.