నేతానార్ గుండాధూర్: దొరకనివాడి చిరునామా

1910 ఫిబ్రవరిలో బస్తర్ తిరగబడింది. ఆదివాసులు భూమ్‌కాల్ అని పిలుచుకున్న ఆ పోరాటానికి నాయకుడిగా నిలిచిన గుండాధూర్ నేతానార్ గ్రామస్థుడు, ధుర్వా తెగవాడు. ఆయన చివరిదాకా పట్టుబడలేదు. వలస ప్రభుత్వ దస్త్రాలలో ఆయన జాడ అక్కడితో ఆగిపోతుంది. పట్టుబడి ఉంటే వాంగ్మూలం ఉండేది. అందులో తండ్రి పేరు, ఊరు, వయస్సు నమోదయ్యేవి. బోనెక్కినవాడికి మాత్రమే వంశవృక్షం దక్కిన పాలన అది!

తెగ పేరు వెదికినా చిక్కే. ధుర్వాలను పాత దస్త్రాలు తరచు ‘పర్జా’ అన్నాయి. ఇది ‘ప్రజ’ నుంచి వచ్చిన మాట అంటారు. రాజుకు లోబడినవాడని అర్థం. తెలుగుతో చుట్టరికమున్న వారి ద్రావిడ భాష మీద 1953లో బరో, భట్టాచార్య ప్రచురించిన గ్రంథమూ దానిని ‘పర్జీ’ అనే పిలిచింది. నేటి ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ధుర్వా అనే పేరు గోండుల పద్దు కింద ఉంటే, పర్జా విడిగా మరో పద్దు. తాత ఒక పేరుతో, మనుమడు మరొక పేరుతో కనిపిస్తే గుమాస్తా ఎవరిని నమ్మాలి?

ఇక నేల సంగతి. బస్తర్‌లో ప్రతి ఊరికీ తన పొలిమేర తెలుసు. పక్క ఊరి అడవిలో కట్టె కొట్టుకోవాలంటే దేవ్‌సారీ, దండ్, మాన్ అనే పేర్లతో చిన్న రుసుము చెల్లించేవారు. రాతకోతలు లేని రెవెన్యూ వ్యవస్థ ఇది. 1905 ప్రాంతంలో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడును, వేటను, అటవీ ఫలసాయ సేకరణను నిషేధించాలనుకుంది. భూమ్‌కాల్‌కు వెట్టిచాకిరీ, కరవులతో పాటు ఇదీ ముఖ్య కారణం. తిరుగుబాటు అణగిన తరువాత రిజర్వు విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించారు. ఓడినవారు సాధించినది తక్కువేమీ కాదు. అయినా రిజర్వు గీత లోపల పడ్డ పాత ఊరు మాత్రం కాగితం మీద ఆక్రమణగా మారింది.

ఆ కాగితాలనే నేడు సాక్ష్యంగా తెమ్మంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద రూపొందిన నిబంధనలలో 13వది, పాత రికార్డులలో పేరున్న పూర్వీకుడి దాకా వంశక్రమం చూపడాన్ని ఒక రుజువుగా గుర్తిస్తుంది. గ్రామ పెద్దల వాంగ్మూలాన్నీ రుజువుగా ఒప్పుకొంటుంది. నిజానికి బస్తర్‌కు అక్కరకొచ్చేది ఇదే. కాని సర్కారీ బల్లపై పెద్దల మాటకన్నా ముద్ర పడిన కాగితానికే విలువ ఎక్కువ.

పొలిమేర దాటినవారి స్థితి మరీ కఠినం. 2005 జూన్‌లో మొదలైన సల్వా జుడుం హింసకు జడిసి వేలాది కోయలు బస్తర్ విడిచి నాటి ఖమ్మం జిల్లా అడవులకు చేరారు. మనం గుత్తికోయలని పిలిచేది వీరినే. చట్టం అడిగేదేమో 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ ఆ భూమి సాగులో ఉన్నట్టు రుజువు. ఆ తేదీన వీరిలో అత్యధికులు ఇంకా తమ ఊళ్లలోనో, దారిలోనో ఉన్నారు.