గొడుగును దారి అనుకున్నాం

న్యూజెర్సీలో చలికాలం వెళ్లి మంచు కరగ్గానే ఇంటి ముందరి తారు దారి అసలు రూపు బయటపడుతుంది. వీధి నుంచి గ్యారేజీ దాకా పరిచిన ఆ నల్లటి పట్టీని అక్కడ డ్రైవ్‌వే అంటారు. ఎడిసన్ లాంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా అది ఇంటి మాటే అయింది. ఆకులు రాలే రోజుల్లో వెంట్రుకవాసిగా ఉన్న నెర్రె, చిగుళ్లు వేసే నాటికి వేలు దూరేంత అవుతుంది. ఒక మూల గుంత పడుతుంది. అంచు విరిగి పచ్చికలోకి జారుతుంది. అప్పుడు ఇంటివాళ్ల ముందు నిలిచే ప్రశ్న ఒకటే: ప్యాచ్ వేయించి సరిపెట్టుకోవాలా, మొత్తం తవ్వించి కొత్తగా వేయించాలా? బేరమంతా పై పొర చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని అంగుళాల మందం, ఎంత నున్నగా వస్తుంది, ఎన్నేళ్ల హామీ ఇస్తారు అని అడుగుతారు. రెండు వందల ఏళ్ల రోడ్ల చరిత్ర మాత్రం జవాబును అడుగున వెతకమంటుంది. తారు గొడుగుగా పుట్టింది. ఇంటి ముందర బరువు మోసేది ఆ గొడుగు కింది కంకర, మట్టి. రోడ్లు వేసే వృత్తి ఈ సంగతి కనిపెట్టింది, నడుమ మరిచిపోయింది, మళ్లీ కష్టపడి నేర్చుకుంది. ఇంటి దారి విషయంలో ఆ పాఠం ఇంకా గడప దాకా రాలేదు.

మనిషికి తారుతో పరిచయం నీటి దగ్గరే మొదలైంది. మొహెంజొదారోలో సుమారు 4,500 ఏళ్ల కిందటి మహాస్నానవాటికను కట్టినవాళ్లు నీరు గోడల్లోకి ఇంకకుండా ఇటుక వరసల మధ్య తారు పూత పెట్టారు. 1595లో ట్రినిడాడ్ దీవిలో దిగిన వాల్టర్ రాలీ అక్కడి తారు సరస్సు నుంచి తీసిన జిగురుతో తన ఓడల సందులు పూడ్పించాడు. రెండు చోట్లా కావలసింది నీటిని ఆపడమే. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మనం కోస్తాలో తారు అన్నా తెలంగాణలో డాంబరు అన్నా, నల్లగా జిగురుగా ఉండేదాన్నంతా ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి అవి రెండు. బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు దిగేది కోల్‌తారు. నేలలో సహజంగా దొరికేది, ముడిచమురు శుద్ధి చేసినప్పుడు అడుగున మిగిలేది బిటుమెన్. ఈ రెండింటినీ కలిపి చూసినందుకు ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో ఈ కథ చివర్లో తేలుతుంది.

దారికి సంబంధించిన అసలు సూత్రం తారుతో పనిలేకుండానే దొరికింది. స్కాట్లాండ్‌లో 1756లో పుట్టిన జాన్ లౌడన్ మెకాడం 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల సర్వేయరయ్యాడు. దారి గట్టిగా ఉండాలంటే అడుగున పెద్ద పెద్ద బండలు పేర్చాలని అప్పటి నమ్మకం. పేరున్న ఇంజినీరు థామస్ టెల్ఫోర్డ్ పద్ధతీ అదే. మెకాడం దాన్ని తలకిందులు చేశాడు. బరువు మోసేది చివరికి నేలే అన్నాడు. పొడిగా ఉన్నంతకాలం నేల ఎంత బండినైనా మోస్తుంది, తడిస్తే ఏ బండ పరిచినా కుంగుతుంది. కాబట్టి దారిని చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా పోయాలి, పక్కన కాలువ తీయాలి, పైన చిన్న కంకర పరచాలి. ఒక్కో రాయి ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు మించకూడదు. కోణాలున్న ఆ చిన్నరాళ్లు చక్రాల కింద నలిగి ఒకదానిలో ఒకటి బిగుసుకుని నీరు దిగని పైకప్పు అవుతాయి. ముప్పై అడుగుల వెడల్పు దారికి నడుమ మూడంగుళాల ఎత్తు చాలు, వాన నీరు దానంతటదే పక్కకు జారడానికి. చెరువు కట్ట బలం మట్టి బరువులో కంటే బుంగ పడకుండా చూసుకోవడంలో ఉందని తెలిసిన తెలుగు రైతుకు ఈ ఆలోచన వింతగా తోచదు. మన జిల్లాల్లో రోడ్డు పనుల కాగితాల మీద నేటికీ కనిపించే ‘డబ్ల్యూబీఎం’ (వాటర్ బౌండ్ మెకాడం)లో చివరి ‘ఎం’ ఆయన పేరే.

మెకాడం చేసిన పనిలో చాలా భాగం మరమ్మతే అన్నది అంతగా గుర్తుకు రాని సంగతి. ఆయన కొత్త దారులు వేసినదాని కంటే చెడిన దారులను లేపించిందే ఎక్కువ. పాత దారిని తవ్వించి, అందులోని రాళ్లనే పగలగొట్టించి, నేలకు వాలు సరిచేసి, అదే కంకరను తిరిగి పరిపించేవాడు. కొత్త రాయి కోసం గనికి పోవలసిన అవసరం చాలాచోట్ల రాలేదు. దారిలో పాడైనది వస్తువు కాదు, అమరిక అని ఆయన గట్టిగా నమ్మాడు. 1823లో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు హేగర్స్‌టౌన్, బూన్స్‌బరో ఊళ్ల నడుమ ఆ దేశపు తొలి మెకాడం రోడ్డు పడింది. గుర్రపు డెక్కలు, ఇనుప పట్టాల చక్రాలు ఉన్నంతకాలం ఆ దారులు నిలిచాయి. రాపిడికి లేచిన రాతిపొడి సందుల్లోనే చేరి, వానకు తడిసి, రాళ్లను బిగించేది.

మోటారు కారు వచ్చి ఆ లెక్క తప్పించింది. వేగంగా తిరిగే రబ్బరు టైరు ఆ పొడిని పీల్చి గాలిలోకి ఎగరగొట్టింది. బిగువు పోయి కంకర చెదిరింది. ఊళ్లు దుమ్ముతో నిండాయి. 1902లో మొనాకోలో గుగ్లీల్మినెట్టి అనే స్విస్ వైద్యుడు దుమ్ము అణచడానికి దారుల మీద వేడి కోల్‌తారు పోయించాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్ సర్వేయరు ఎడ్గర్ హూలీ, తారునూ కొలిమి చిట్టెపు రాయినీ ముందే కలిపి పరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దానికే టార్‌మాక్ అని పేరొచ్చింది. ఈ ఇద్దరూ మెకాడం దారిని తీసేయలేదు. దాని పైకప్పు ఎగిరిపోతుంటే కొత్త కప్పు వేశారు. తారు మళ్లీ మొహెంజొదారోలో చేసిన పనే చేసింది.

మరుపు అమెరికాలో వచ్చింది, దాని వెనుక వ్యాపారం ఉంది. ఎడిసన్‌కు కొద్ది దూరంలోనే ఉన్న న్యూవార్క్ నగరంలో 1870లో బెల్జియం నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త ఎడ్మండ్ డి స్మెట్ సిటీ హాలు ముందు అమెరికాలోనే తొలి తారు (ఆస్ఫాల్ట్) వీధి వేశాడు. 1876లో వాషింగ్టన్‌లోని పెన్సిల్వేనియా అవెన్యూ మీద ట్రినిడాడ్ తారు పరిచారు. నున్నగా, నిశ్శబ్దంగా, కడిగితే శుభ్రపడేలా ఉన్న ఆ వీధి చూసి ప్రతి నగరమూ తనకూ కావాలంది. ఆమ్జీ బార్బర్ అనే వ్యాపారి 1888లో ట్రినిడాడ్ సరస్సును 42 ఏళ్లకు కౌలు తీసుకుని ‘ఆస్ఫాల్ట్ కింగ్’ అనిపించుకున్నాడు. గుత్తాధిపత్యం, పేటెంట్లు, కోర్టు తగాదాలు అన్నీ పై పొర చుట్టూనే నడిచాయి. అమ్మకానికి పనికొచ్చేది కంటికి కనిపించేదే కదా. అడుగున కాలువ బాగా తీశానని చెబితే ఎవరికీ గుత్తాధిపత్యం రాదు. 1907 నాటికి అమెరికాలో సహజ తారును మించి చమురు శుద్ధిలో మిగిలే బిటుమెన్ ఉత్పత్తి అయింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత నగరాల చుట్టూ ఇళ్ల కాలనీలు విస్తరించేసరికి, ఇంటికో కారు, కారుకో గ్యారేజీ, గ్యారేజీకో తారు దారి వచ్చాయి. మామూలు ఇంటి దారిలో తారు మందం రెండు మూడంగుళాలు. దాని కింద నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల కంకర ఉండాలి. మొదటిది ఇంటి యజమాని కొలుచుకోగలడు. రెండోది మూసేశాక కనిపించదు.

కనిపించనిదాన్ని మళ్లీ లెక్కలోకి తెచ్చింది ఒక భారీ ప్రయోగం. ఇలినాయ్ రాష్ట్రంలోని ఒటావా ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా రకరకాల మందాలతో రోడ్లు వేసి, సైనికుల చేత రేయింబవళ్లు లారీలు నడిపించారు. 11 లక్షలకు పైగా ఇరుసులు వాటి మీద దొర్లాయి. అందులో తేలిన ముఖ్య సూత్రం ఇది: ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా ఆ పెరుగుదల నాలుగో ఘాతంలో పెరుగుతుంది. కారు ఇరుసు కంటే తొమ్మిది రెట్లు బరువున్న లారీ ఇరుసు చేసే నష్టం దాదాపు 6,500 రెట్లు. దీన్ని ఇంటి ముందరికి తెచ్చి చూడండి. రోజుకు నాలుగుసార్లు వచ్చిపోయే కారు ఆ దారికి లెక్కలోకి రాని బరువు. ఎప్పుడో సామాను దించడానికి వచ్చే లారీ తప్ప దాన్ని అలిసిపోయేట్టు చేసే చక్రమే లేదు. మరి ఎందుకు పాడవుతోంది? ఆ ప్రయోగంలోనే జవాబుంది. అక్కడి తారు రోడ్లు ఎక్కువగా చెడింది మంచు కరిగి నేల తడితో మెత్తబడే వసంతంలో. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. నెర్రెలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి పొరను లేపుతుంది, పగలు కరిగి మట్టిని బురద చేస్తుంది. అప్పుడు ఆ తేలికపాటి కారే చాలు.

ఈ వెలుగులో చూస్తే పగుళ్లు చదవడం తేలికవుతుంది. నిలువుగానో అడ్డంగానో ఒంటరిగా సాగిన నెర్రె చాలాసార్లు వయసు వల్ల వచ్చినది. ఎండకు, గాలికి బిటుమెన్ పెళుసుబారి చలికి ముడుచుకున్నప్పుడు అలా చీలుతుంది. గొడుగు చిరిగింది, దాన్ని కుట్టాలి. నెర్రెలో వేడి రబ్బరు తారు నింపితే చాలు. మొసలి వీపులా చిన్న చిన్న పలకలుగా చిట్లిన చోటు వేరు. అక్కడ అడుగు కదిలింది. దాని మీద ప్యాచ్ వేసినా, కొత్తగా అంగుళమున్నర పొర పరిచినా, కింద బురద అలాగే ఉంటే ఆ పలకల గీతలు కొత్త పొర మీదికీ వస్తాయి. ఆ మేర తవ్వి, తడి మట్టి తీసి, కంకర నింపి గట్టిగా దిమ్మిస కొట్టించాల్సిందే.

మరి రెండు మూడేళ్లకోసారి నల్లగా పూసే సీల్‌కోట్ సంగతేమిటి అని అడగవచ్చు. తారు గొడుగైతే, గొడుగుకు పూత మంచిదే కదా? కొంతవరకు నిజమే. ఎండ నుంచి, కారే చమురు నుంచి అది కాస్త కాపు ఇస్తుంది. కానీ రంగు పూస్తే చిరుగు మూతపడదు. కదిలిన అడుగుకు అది ఏమీ చేయలేదు. ఆ పూతకు అమెరికా చెల్లించిన ధర కూడా చిన్నది కాదు. తూర్పు రాష్ట్రాల్లో ఈ పూతను దశాబ్దాలపాటు ఉక్కు కర్మాగారాల కోక్ కొలుముల నుంచి వచ్చే కోల్‌తారుతో చేశారు. బిటుమెన్ పూతతో పోలిస్తే అందులో క్యాన్సర్ కారకాలున్న పీఏహెచ్ జాతి రసాయనాలు సుమారు వెయ్యి రెట్లు ఎక్కువని అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు తేల్చారు. చక్రాలకు రాలిన ఆ పొడి వాగుల అడుగుకు, ఇళ్లలోకి చేరింది. టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం 2006 నుంచి కోల్‌తారు పూతను నిషేధించింది. 2011లో వాషింగ్టన్ రాష్ట్రం అదే పని చేసింది. పై నలుపు కొత్తగా కనిపించడమే దారి క్షేమం అనుకున్నందుకు నీళ్లు విషమయ్యాయి. దారి మాత్రం అంతకుముందు ఉన్నట్టే ఉంది.

నా వాదనకు ఇంకా బలమైన అభ్యంతరం ఇంజినీర్ల నుంచి వస్తుంది. తారు పొర కూడా బరువు మోస్తుంది, దాన్ని ఉత్త గొడుగు అనడం పొరపాటు అంటారు. వాళ్లన్నది అబద్ధం కాదు. 1960లలో అమెరికా తారు పరిశ్రమ కంకర లేకుండా నేల మీదే మందంగా తారు పరిచే ‘ఫుల్ డెప్త్’ పద్ధతిని ముందుకు తెచ్చింది. పెద్ద రహదారుల్లో ఆ మందపాటి పొర నిజంగా దూలంలా పనిచేస్తుంది. అయితే అది రెండు మూడంగుళాల ఇంటి దారికి వర్తించదు. మందపు రోడ్డయినా తడిసిన నేల మీద తన ఆయుష్షు నిలుపుకోలేదు. ఇంకొకరు, ఇదంతా ఎందుకు, సిమెంటు కాంక్రీటు వేస్తే పోలేదా అంటారు. కాంక్రీటు పలక చిన్న లోపాల మీదుగా వంతెనలా నిలుస్తుంది, నిజమే. కానీ కింద మట్టి కొట్టుకుపోతే అదీ విరుగుతుంది, విరిగితే తారులా కొద్దిపాటి ఖర్చుతో అతకదు. మూడో అభ్యంతరం డబ్బుది: అడుగు తవ్వించేంత స్తోమత అందరికీ ఉండదు. నిజమే, కానీ అడుగు బాగుందో లేదో చూడకుండా మొత్తం మార్పించడం అంతకంటే పెద్ద దండగ. అన్నిటికంటే చవకైన మరమ్మతు తారుతో పనిలేనిది. ఇంటి చూరు నీళ్లు దిగే గొట్టం దారి అంచున పడకుండా పక్కకు మళ్లించడం, అంచు పక్క మట్టి దారి కంటే ఎత్తు కాకుండా చూడడం అన్నమాట. 1816లో మెకాడం చెప్పిన కాలువ పని ఇదే.

మార్చక తప్పనప్పుడు కూడా చరిత్ర ఒక మంచి మాట చెబుతుంది. 1973లో చమురు సంక్షోభం వచ్చి బిటుమెన్ ధర పెరిగేసరికి, పాత తారును చెత్తగా పారేసే అలవాటు ఆగింది. ఆ దశాబ్దంలో పై పొరను చల్లగానే గీకి తీసే యంత్రాలు వచ్చాయి. గీకిన ముక్కలను కొత్త తారుతో కలిపి తిరిగి వాడడం అమెరికాలో మామూలు పద్ధతి అయింది. పాత దారిని లేపి అందులోని రాయితోనే కొత్త దారి వేసిన మెకాడం దగ్గరికే వృత్తి ఇలా తిరిగి చేరింది.

వానాకాలం దాటగానే మన ఊళ్లలో బీటీ రోడ్ల మీద పడే గుంతల కథా వేరు కాదు. మంచు లేకపోవచ్చు, పూడిన మురుగు కాలువ ఆ పని చేసిపెడుతుంది. ఎడిసన్‌లో ఇంటి యజమాని అయినా, మన పంచాయతీలో పని చూసే ఇంజినీరు అయినా, కొత్త పొర ఎంత మందం అని అడిగే ముందు ఒక పెద్ద వాన పడేదాకా ఆగి, ఆ నీరు ఎటు పోతోందో నిలబడి చూడాలి. నీరు దారి వదిలి పోతుంటే ప్యాచ్ చాలు. దారిలోకే దిగుతుంటే, ముందు ఆ నీటికి వేరే దారి చూపించాలి. తారు ఆ తరవాతి మాట.